కొత్త కారు పదేపదే మొరాయిస్తే: సరిహద్దు కుటుంబాలకు చట్టం ఇచ్చిన అండ

దసరా వచ్చినదంటే మన జయపురం వీథులలో కొత్త వాహనాల సందడి మొదలవుతుంది. బండికి పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల క్రింద నాలుగు నిమ్మకాయలు ఉంచి, వాటిని నలిపించుకుంటూ బండిని ముందుకు కదిలిస్తాము. దిష్టి తొలగిపోయినదని సంతోషిస్తాము. కాని కారు లోపలి దోషం నిమ్మకాయతో పోయేది కాదు. విచిత్రమేమనగా, అమెరికా దేశంలో ఎన్నిసార్లు మరమ్మతు చేసినా బాగుపడని కొత్త కారునే వాడుకలో ‘నిమ్మకాయ’ అంటారు. అటువంటి కారు కొన్నవారిని కాపాడటానికి అక్కడ చేసిన చట్టాలకు ‘లెమన్ చట్టాలు’ అని పేరు వచ్చినది. ఆ పేరుతో తొలి చట్టం 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో వచ్చినది. సింగపూరులో అటువంటి చట్టం 2012లో అమలులోకి వచ్చినది. మన దేశంలో కార్లకంటూ ప్రత్యేకమైన లెమన్ చట్టం లేదు. అంతమాత్రాన మనకు దిక్కు లేదనుకోరాదు. ఉన్న చట్టమేమిటో, దానిని మన ఊరినుండి ఎట్లా వాడుకోవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి అనుభవం

ముందుగా మా ఇంటి సంగతి చెప్పవలసి ఉన్నది. మా బావగారు 2016 దసరాకు విశాఖపట్నంలో ఒక కొత్త కారు కొన్నారు. కొంత పొలం అమ్మిన సొమ్ము, మిగిలినది బ్యాంకు అప్పు. అది విలాసానికి కొన్న కారు కాదు. మా అక్కయ్యకు గుండెజబ్బు. నెలకొకసారి విశాఖపట్నం వైద్యుల వద్దకు తీసుకుపోవలసి వచ్చేది. బస్సులో ఆ ఘాటీ ప్రయాణం ఆమెకు పడేది కాదు.

కొన్న రెండు నెలలకే కారు సుంకి ఘాటీలో ఆగిపోయినది. రాత్రి వేళ, లోపల మా అక్కయ్య. సాలూరు వైపు పోతున్న లారీ డ్రైవరొకరు దయతలచి వారిని దించి పుణ్యం కట్టుకున్నారు. ఆ తరువాత 2017 సెప్టెంబరులోగా ఆ కారు మరి మూడుసార్లు అదే విధంగా ఆగిపోయినది. ప్రతిసారి షోరూము వారు బండిని తీసుకుపోవడం, రెండు రోజులు ఉంచుకోవడం, “బాగుచేశామండీ, ఇక ఇబ్బంది ఉండదు” అని చెప్పి పంపడం. మా బావగారు మర్యాదస్తులు. వారి మాట నమ్మారు. నాలుగుసార్ల మరమ్మతుకుగాను ఆయన వద్ద మిగిలినది ఒక్క కాగితం. దానిమీద ‘సాధారణ సర్వీసు’ అని మాత్రమే వ్రాసి ఉన్నది.

కారుతోపాటు ఇచ్చిన వారంటీ పుస్తకం ఆంగ్లంలో ఉన్నది. “నువ్వు చదువుకున్నవాడివి, ఇది చదివి మనకేమి హక్కు ఉన్నదో చెప్పు బావా” అని ఆయన దానిని నా చేతిలో పెట్టారు. అవి పరీక్షల రోజులు. తరువాత చూద్దామని బీరువాలో పెట్టాను. 2019 డిసెంబరులో, కారు పూర్తిగా మూలపడిన తరువాత, ఇద్దరమూ కలిసి విశాఖపట్నంలో ఒక న్యాయవాదిని కలిశాము. ఆయన కాగితాలు చూసి రెండు మాటలు చెప్పారు. మొదటిది, చివరిసారి మరమ్మతు జరిగి రెండు సంవత్సరాలు దాటినది. రెండవది, నాలుగుసార్లు ఆగినదనడానికి రుజువు లేదు. చివరకు ఆ కారును వచ్చిన ధరకు అమ్మి, బ్యాంకు వాయిదాలు మాత్రం మరి రెండేళ్ళు కట్టారు.

నాడు నేను ఒక సాయంకాలం కూర్చుని ఆ పుస్తకం చదివి ఉంటే కథ మరొక విధంగా ముగిసేదేమో. ఆ అశ్రద్ధకు ప్రాయశ్చిత్తంగానే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

హైదరాబాదు కారు కథ

పెద్ద కార్లు కొన్నవారికి ఈ బాధలు ఉండవని మనం అనుకుంటాము. అది భ్రమ. హైదరాబాదులో జరిగిన ఒక వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. ఒక సంస్థ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొన్నది. నాలుగు రోజులకే, అనగా సెప్టెంబరు 29న, నడుస్తున్న కారులో తీవ్రమైన లోపం కనిపించినది. వర్కుషాపుకు పంపించారు. నవంబరు 13న మళ్ళీ అటువంటి లోపమే. నవంబరు 16న కొనుగోలుదారులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. మోసం చేశారంటూ భారత శిక్షాస్మృతి 418, 420 సెక్షన్ల క్రింద కేసు నమోదైనది.

2012 మార్చి 22న హైకోర్టు ఆ క్రిమినల్ కేసును కొట్టివేసినది. మోసమనే నేరానికి కావలసిన లక్షణాలు ఇందులో లేవన్నది. అయితే పాత కారుకు బదులు కొత్త కారు ఇవ్వవలసినదిగా కంపెనీని ఆదేశించినది. కంపెనీ ఆ తీర్పును సవాలు చేయలేదు, కారు మార్చి ఇవ్వడానికి సిద్ధమే అన్నది. కొనుగోలుదారులు మాత్రం తమకు కారు వద్దు, సొమ్ము వడ్డీతో సహా కావాలన్నారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరినది. 2024 జులై 10న ప్రధాన న్యాయమూర్తి డీ.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. తగాదా అంతా లోపమున్న వాహనం గురించినదే కనుక, ఇన్నేళ్ళ తరువాత క్రిమినల్ విచారణ సాగించడం న్యాయం కాదన్నది. కారు మార్పిడి ఆదేశాన్ని రద్దు చేసి, అన్ని లెక్కలు తీరిపోయేటట్లు 50 లక్షల రూపాయలు 2024 ఆగస్టు 10లోగా చెల్లించవలసినదిగా కంపెనీని ఆదేశించినది.

ఈ కథలో మనం నేర్చుకోవలసిన పాఠాలు మూడు. మొదటిది: కారు ఆగిపోవడం దానంతట అది పోలీసు కేసు కాదు. అమ్మేటప్పుడే మోసగించే ఉద్దేశం ఉన్నదని చూపగలిగితే తప్ప ఆ దారి ఎటూ తీసుకుపోదు. రెండవది: లోపం కనిపించిన వెంటనే కారును అప్పగించి, వాడకం ఆపినవారి వాదానికి బలం ఉంటుంది. ఆ పాత కారు డీలరు వద్దకే తిరిగి చేరి ఉన్నదన్న సంగతిని, వాడుతూ ఉంటే దాని విలువ తరిగిపోయి ఉండేదన్న సంగతిని సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకున్నది. మూడవది: 2009లో మొదలైన తగాదా 2024లో ముగిసినది. పదిహేనేళ్ళు వేచి ఉండే శక్తి పెద్ద సంస్థకు ఉండవచ్చును, మనకు లేదు. కనుక మనకు కావలసినది దగ్గరి దారి. అదే వినియోగదారుల కమిషన్.

చట్టం దృష్టిలో మనం ఎవరము?

మన దేశంలో తొలి వినియోగదారుల రక్షణ చట్టం 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందినది. అందుకే ఏటా ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకుంటున్నాము. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చినది. నేడు మనకు వర్తించేది ఈ కొత్త చట్టమే.

డబ్బు చెల్లించి, లేదా చెల్లిస్తామని ఒప్పుకుని, వస్తువు కొన్నవాడు వినియోగదారుడు. వాయిదాల పద్ధతిలో కొన్నా వినియోగదారుడే. లాభాపేక్షతో పెద్దయెత్తు వ్యాపారానికి కొన్నవాడు మాత్రం ఈ నిర్వచనంలోకి రాడు. అయితే ఇక్కడ మనవారు తప్పక గుర్తుంచుకోవలసిన మినహాయింపు ఒకటి ఉన్నది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్న వాహనం వ్యాపార ప్రయోజనం క్రిందికి రాదు. జయపురం సంతకు కూరగాయలు తోలే చిన్న వ్యాను, తానే నడుపుకునే ఆటో, ట్యాక్సీ కొన్న యువకుడు కూడా వినియోగదారుడే. పది బండ్లు కొని జీతగాళ్ళతో తిప్పించే యజమాని సంగతి వేరు.

మరి ఒక సంస్థ తన డైరెక్టరు వాడకానికి ఖరీదైన కారు కొంటే? ఈ ప్రశ్న కూడా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. మెర్సిడెస్ బెంజ్ కారులో ముందు సీట్ల నడుమ భాగం విపరీతంగా వేడెక్కుతున్నదని ఒక సంస్థ పెట్టిన కేసు అది. అటువంటి కారును లాభం సంపాదించడానికి జరిపే కార్యకలాపంతో నేరుగా ముడిపెట్టలేము కనుక, ఆ సంస్థ కూడా వినియోగదారే అని 2024 జులై 9న కోర్టు చెప్పినది.

మరమ్మతా, మార్పిడా, సొమ్ము వాపసా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. కారు పదేపదే ఆగిపోతే కొత్త కారు ఇచ్చి తీరవలెనా? ఇక్కడ చాలామంది పొరబడతారు. వారంటీ అనేది కంపెనీ మనకిచ్చిన మాట. ఆ మాటలో సామాన్యంగా ఉండేది ‘లోపమున్న భాగాన్ని ఉచితంగా బాగుచేస్తాము, లేదా ఆ భాగాన్ని మార్చి ఇస్తాము’ అని. మొత్తం కారును మార్చి ఇస్తామని కాదు. 2006లో మారుతీ కంపెనీకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టం చేసినది. వారంటీ షరతులు భాగాల మరమ్మతుకు, మార్పిడికి పరిమితమై ఉన్నప్పుడు మొత్తం కారు మార్చమనడం తగదని, కొనుగోలుదారుకు కొంత పరిహారం ఇప్పించినది.

అయితే లోపం ఏదో ఒక భాగానిది కాక, తయారీలోనే పుట్టినదై, ఎన్ని మరమ్మతులకూ లొంగనిదైతే పరిస్థితి మారుతుంది. దానినే తయారీ లోపం అంటారు. వైద్యం పరిభాషలో చెప్పవలెనంటే, దెబ్బ తగిలి వచ్చిన నొప్పి వేరు, పుట్టుకతో వచ్చిన జబ్బు వేరు. 2019 చట్టం 39వ సెక్షను ప్రకారం కమిషన్ లోపాన్ని సరిచేయమనవచ్చును, వస్తువును మార్చి ఇవ్వమనవచ్చును, సొమ్మును వడ్డీతో వాపసు చేయమనవచ్చును, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించవచ్చును. ఏది ఇవ్వడమన్నది రుజువైన లోపాన్నిబట్టి ఉంటుంది. సొమ్ము వాపసు ఇప్పించేటప్పుడు మనం కారు వాడుకున్న కాలానికి కొంత తగ్గించడమూ కద్దు.

భద్రతకు సంబంధించిన లోపాల విషయంలో కోర్టులు మరింత కఠినంగా ఉన్నవి. 2015లో కొన్న హ్యుందాయ్ క్రెటా కారు 2017 నవంబరులో ఢిల్లీ సమీపంలో ప్రమాదానికి గురైనప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తగిలిన దెబ్బ బలం చాలలేదని కంపెనీ వాదించినది. దెబ్బ వేగాన్ని, బలాన్ని లెక్కకట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 20న చెప్పి, 3 లక్షల రూపాయల పరిహారాన్ని, వాహనం మార్పిడిని ఖాయం చేసినది. 2019 చట్టంలో ‘ఉత్పత్తి బాధ్యత’ అనే ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. లోపమున్న వస్తువు వలన శరీరానికి, ప్రాణానికి, ఆస్తికి హాని కలిగితే తయారీదారు, అమ్మకందారు, మరమ్మతు చేసినవారు బాధ్యులు కావలసి ఉంటుంది.

విశాఖ వెళ్ళనక్కరలేదు

మన సరిహద్దు కుటుంబాలకు ఈ చట్టంలో అన్నింటికంటె గొప్ప మేలు 34వ సెక్షనులో ఉన్నది. మనలో చాలామంది కార్లు విశాఖపట్నంలోనో, విజయనగరంలోనో కొంటారు. 1986 చట్టం క్రింద అమ్మినవారు ఉన్నచోట, లేదా వివాదం పుట్టినచోట మాత్రమే కేసు వేయవలసి ఉండేది. అనగా జయపురం వాసి ప్రతి వాయిదాకు రెండువందల పైచిలుకు కిలోమీటర్లు ఘాటీలు దిగి విశాఖ పోవలసి వచ్చేది. ఆ ప్రయాణపు ఖర్చు, కూలి నష్టం తలచుకునే సగంమంది ఊరుకునేవారు.

2020 జులై నుండి ఆ బాధ లేదు. వినియోగదారుడు తాను నివసించే చోటనే, లేదా పనిచేసుకునే చోటనే ఫిర్యాదు చేయవచ్చును. కొరాపుట్ జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ మన జయపురంలోనే ఉన్నది. రాయగడ జిల్లావారికి రాయగడలో ఉన్నది. కారు ఆంధ్రప్రదేశ్‌లో కొన్నా, కంపెనీ చెన్నైలోనో పుణేలోనో ఉన్నా, వారే ఇక్కడికి వచ్చి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. ఇదే సూత్రం అటువైపు వారికీ వర్తిస్తుంది. సాలూరు, పార్వతీపురం వారు జయపురంలో బండి కొంటే తమ జిల్లాకు అధికారమున్న కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చును.

చెల్లించిన ధరనుబట్టి ఏ కమిషన్‌కు పోవలెనో నిర్ణయమవుతుంది. 2021 డిసెంబరులో సవరించిన నియమాల ప్రకారం 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్, అంతకు పైబడి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆ పైన ఢిల్లీలోని జాతీయ కమిషన్. ఒడిశా రాష్ట్ర కమిషన్ కటకంలో ఉన్నది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మనం చెల్లించిన ధరయే కాని, కోరే పరిహారం కాదు.

రుసుము కూడా భారం కాదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. మనమే వాదించుకోవచ్చును. ఇంటినుండే ఫిర్యాదు దాఖలు చేయడానికి 2020లో మొదలైన ఈ-దాఖిల్ స్థానంలో 2025 జనవరి 1 నుండి ఈ-జాగృతి అనే సదుపాయం వచ్చినది. కోరితే వీడియో ద్వారా విచారణకు హాజరు కావడానికి కూడా చట్టం వీలు కల్పించినది. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత న్యాయసహాయం అందిస్తుంది. మన ఆదివాసీ సోదరులు దీనిని వినియోగించుకోవలెను.

కాగితమే ప్రాణం

మా బావగారి కేసు కాగితం లేకనే నీరుగారినది. లోపం ఉన్నదని చూపవలసిన భారం మొదట మనమీదనే ఉంటుంది. కనుక ఈ క్రింది విషయాలలో జాగ్రత్త అవసరం.

1. కారు ఇంటికి తెచ్చుకునే ముందే పరిశీలన. మీటరులో ఎన్ని కిలోమీటర్లు ఉన్నవో చూడవలెను. విక్రయ ధ్రువపత్రమైన ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. 17 అక్షరాల ఛాసిస్ నంబరును బండిమీద ఉన్నదానితో సరిపోల్చవలెను. గోవాలో ఒక కొనుగోలుదారు 2011 నమూనా అడిగితే డీలరు 2009లో తయారై, 622 కిలోమీటర్లు తిరిగిన కారు అంటగట్టిన వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది.

2. జాబ్ కార్డు. బండిని వర్కుషాపులో అప్పగించినప్పుడు వ్రాసే కాగితమిది. మీరు చెప్పిన లోపాన్ని మీ మాటలలోనే వ్రాయించవలెను. ‘సాధారణ సర్వీసు’ అని వ్రాస్తే సంతకం చేయరాదు. ‘నడుస్తుండగా ఇంజను ఆగిపోయినది, ఇది మూడవసారి’ అని స్పష్టంగా ఉండవలెను. తేదీ, కిలోమీటర్ల అంకె తప్పనిసరి. నకలు తీసుకోనిదే కదలరాదు. ఒకే లోపంతో నాలుగు జాబ్ కార్డులు ఉంటే, అవే నలుగురు సాక్షులతో సమానం.

3. బండి ఎన్ని రోజులు వర్కుషాపులో ఉన్నదో లెక్క. అప్పగించిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవలెను. ఆ రోజులలో అద్దె బండికి పెట్టిన ఖర్చు రసీదులు దాచుకోవలెను. పరిహారం కోరేటప్పుడు అవి అక్కరకు వస్తాయి.

4. ఫోటోలు, వీడియోలు. బండి ఆగిపోయినచోట సెల్‌ఫోనుతో తీయవలెను. మీటరు పలకమీద వెలిగే హెచ్చరిక దీపం కనిపించవలెను. క్రేను లేదా తోలుకుపోయిన బండి రసీదు కూడా ఉంచుకోవలెను.

5. ఉచిత సర్వీసులు వేళకు చేయించడం. గడువు తప్పినా, బయటి మెకానిక్కుతో విప్పించినా, లోపం మీ నిర్లక్ష్యం వలననే వచ్చినదని కంపెనీ వాదించడానికి మనమే అవకాశం ఇచ్చినవారమవుతాము.

6. నిపుణుని అభిప్రాయం. తయారీ లోపమని రుజువు చేయడానికి ఇది ముఖ్యం. పరీక్ష లేకుండా లోపాన్ని తేల్చలేని పక్షంలో వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షను కమిషన్‌కు ఇచ్చినది. ఫిర్యాదుతోపాటే ఆ కోరికను కూడా వ్రాతపూర్వకంగా తెలుపుకోవలెను. నిపుణుని నివేదిక లేదన్న కారణంగా కొట్టివేయబడిన కేసులు చాలా ఉన్నవి.

డీలరుమీదా, కంపెనీమీదా?

పై గోవా కేసులో 2021 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఒక మెలిక విప్పి చెప్పినది. కంపెనీకి, డీలరుకు నడుమ ఉన్నది అమ్మకం కొనుగోలు సంబంధమైనప్పుడు, తనకు తెలియకుండా డీలరు చేసిన తప్పుకు కంపెనీ బాధ్యత వహించదు. అట్లే తయారీలో పుట్టిన లోపానికి అసలు బాధ్యత కంపెనీది. సామాన్యునికి తప్పు ఎవరిదో ముందుగా తెలియదు. కనుక ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, ఎవరు ఏమి చేశారో విడివిడిగా వ్రాయడం క్షేమం. తయారీలో లోపం కంపెనీ పద్దులో, సరిగా బాగుచేయకపోవడం డీలరు పద్దులో.

ఒకదాని తరువాత ఒకటి

లోపం తిరిగి కనిపించగానే మొదట డీలరుకు, కంపెనీ వినియోగదారుల విభాగానికి వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. నోటిమాట గాలికి పోతుంది. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. అక్కడ తెలుగులోను, ఒడియాలోను మాట్లాడవచ్చును. వ్యాజ్యం దాకా పోకుండానే అక్కడ తీరిపోయే తగాదాలు ఉంటాయి.

అప్పటికీ తెగకపోతే నోటీసు పంపవలెను. కొన్న తేదీ, ఆగిపోయిన తేదీలు, మన కోరిక, 15 రోజుల గడువు అందులో ఉండవలెను. రిజిస్టరు పోస్టు 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయినది కనుక స్పీడు పోస్టులోనే పంపి, చేరినట్లు రుజువు ఉంచుకోవలెను. గడువు దాటితే కమిషన్‌లో ఫిర్యాదు. తెలుగులో ఉన్న రసీదులకు, ఉత్తరాలకు ఆంగ్ల అనువాదం జతచేయడం మేలు.

ఫిర్యాదు అందిన తరువాత ప్రతివాది 30 రోజులలో సమాధానం ఇవ్వవలెను. మరి 15 రోజులకు మించి గడువు పొడిగించే వీలు లేదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించినది. మామూలు కేసులు మూడు నెలలలోను, పరీక్షలు అవసరమైనవి ఐదు నెలలలోను ముగించడానికి ప్రయత్నించవలెనని చట్టం చెబుతున్నది. ఆచరణలో అంతకంటె ఆలస్యమవుతుందన్న నిజాన్ని కూడా దాచనక్కరలేదు. ఇరువర్గాలు ఒప్పుకుంటే మధ్యవర్తిత్వం ద్వారా త్వరగా తీర్చుకోవచ్చును. జిల్లా కమిషన్ తీర్పుమీద 45 రోజులలో అప్పీలుకు పోవచ్చును. అయితే సొమ్ము చెల్లించవలసినవారు అప్పీలు చేయవలెనంటే అందులో సగం ముందుగా జమకట్టవలెను. ఆదేశాన్ని పాటించనివారికి 72వ సెక్షను క్రింద నెలనుండి మూడేళ్ళ వరకు జైలు, లేదా 25,000 నుండి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును.

అన్నింటికంటె ముఖ్యం గడువు. వివాదానికి కారణం పుట్టిన నాటినుండి రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయవలెను. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చును కాని, దానిని నమ్ముకుని కూర్చోరాదు. ‘బాగుచేశాము’ అన్న తియ్యని మాటల మధ్య ఆ రెండేళ్ళు ఎట్లా కరిగిపోతాయో మా ఇంట చూశాము.

చేయకూడనివి

కారు పాడైనదని బ్యాంకు వాయిదాలు ఆపరాదు. అప్పు ఒప్పందం వేరు, కారు లోపం వేరు. వాయిదా తప్పితే బ్యాంకు బండిని స్వాధీనం చేసుకునే ప్రమాదం ఉన్నది. అట్లే యంత్రంలో వచ్చే లోపాలను మామూలు వాహన బీమా భరించదు. అది ప్రమాదాలకు, దొంగతనాలకు ఉద్దేశించినది. షోరూములో గొడవపడి అద్దాలు పగులగొడితే మన కేసు పోయి వారి కేసు మొదలవుతుంది. ‘అన్నీ సరిగా ఉన్నవి, తృప్తి చెందాను’ అని అచ్చువేసిన కాగితం మీద, బండిని నడిపి చూడకుండా సంతకం చేయరాదు. తీవ్రమైన లోపమున్న బండిని వేల కిలోమీటర్లు నడిపి, తరువాత తయారీ లోపమంటే నమ్మేవారు తక్కువ.

ఒకే నమూనా కార్లలో చాలామందికి ఒకే లోపం కనిపిస్తే మరొక దారి కూడా ఉన్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఏ సెక్షను ప్రకారం, అటువంటి వాహనాలను వెనక్కు పిలిపించి సరిచేయించమని కేంద్ర ప్రభుత్వం తయారీదారును ఆదేశించవచ్చును. కనుక మన నమూనా కారును కంపెనీ వెనక్కు పిలిచినదేమో అప్పుడప్పుడు విచారించుకోవలెను.

చివరగా ఒక మాట. మన పల్లెలలో కారు కొనడమంటే పొలమో, బంగారమో కరిగించడం. హైదరాబాదు సంస్థకు బీఎండబ్ల్యూ ఎంతో, రాయగడ రైతుకు చిన్న కారు అంతకంటె ఎక్కువ. చట్టం ఇద్దరికీ ఒక్కటే. కాని ఆ చట్టం ఆంగ్లంలో ఉన్నది, కమిషన్ కార్యాలయం బోర్డు ఒడియాలో ఉన్నది, మన ఇంటి మాట తెలుగు. ఈ మూడింటి నడుమ నిలబడి చదివి చెప్పగలవారు ప్రతి ఊరిలో ఒకరిద్దరు ఉంటారు. ఉపాధ్యాయులు, పోస్టుమాస్టర్లు, కళాశాలకు పోయే పిల్లలు. ఇరుగుపొరుగువారు ఒక వారంటీ పుస్తకం తెచ్చి చేతిలో పెడితే, ఆ పూటే చదివి చెప్పండి.

మా అక్కయ్య ఇప్పుడు బస్సులోనే విశాఖ వెళుతున్నది. మా బావగారు నన్నెన్నడూ ఒక్క మాట అనలేదు. ఆ వారంటీ పుస్తకం మాత్రం ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నది.